పిండి కొద్దీ రొట్టె, రేటు కొద్దీ తోట

హైదరాబాదులో ఏ గేటెడ్ కమ్యూనిటీ అయినా తీసుకోండి. ఏప్రిల్ నెల వచ్చిందంటే అక్కడ ఒకటే తగువు. లాన్ ఎండిపోయింది, గేటు దగ్గర వరసగా పెట్టిన పామ్ చెట్లు మాడిపోయాయి, కాబట్టి ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్ దొంగ. మే నెలలో ఆ దొంగని తీసేస్తారు. జూన్‌లో మూడు కొటేషన్లు పిలుస్తారు. మూడిట్లోకీ తక్కువ రేటు ఎవడేస్తే వాడికి పని. వానలకి నాలుగు మొక్కలు పచ్చబడగానే కమిటీవాళ్ళు ఫొటోలు దిగుతారు. మళ్ళీ ఏప్రిల్ వస్తుంది, మళ్ళీ ఇంకో దొంగ దొరుకుతాడు.

ఇందులో కాంట్రాక్టర్ మారుతున్నాడు, మొక్కలు మారుతున్నాయి, రెండేళ్ళకోసారి కమిటీ కూడా మారుతోంది. మారనిది ఒక్కటే, తక్కువ రేటు వాడికి పనిచ్చే పద్ధతి. అన్నీ మార్చి చూసి ఆ ఒక్క లైను మాత్రం ఎవరూ ముట్టుకోకపోతే బగ్ ఎక్కడుందో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పాలా?

ఈ మధ్య ఇంకో వాదన మొదలైంది. నాలుగైదేళ్ళు అమెరికాలో ఉండి తిరిగొచ్చిన మనవాళ్ళు ఎక్కువగా అంటుంటారు: "అక్కడ తోటపనికి కూడా లైసెన్స్ ఉంటుందండీ. ఇక్కడ పార పట్టుకున్న ప్రతివాడూ ల్యాండ్‌స్కేపరే. లైసెన్స్ పెడితే గానీ వీళ్ళు దారికి రారు." వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోగం ఒకటైతే మందు ఇంకొకటి. నా వాదన సూటిగా చెప్తాను. హైదరాబాదులో తోటలు ఎండిపోతున్నది కాంట్రాక్టర్లకి లైసెన్స్ లేక కాదు. కొనుగోలుదారులం, అంటే మనం, అసాధ్యమైన రేటుకి పని కొనుక్కుంటున్నాం. ఆ రేటులో మాలీకి ప్రావిడెంట్ ఫండ్ ఉండదు, మొక్కకి ఎరువు ఉండదు, పని తెలిసిన కాంట్రాక్టర్‌కి చోటుండదు.

ముందు లైసెన్స్ సంగతి తేల్చేద్దాం. అసలిప్పుడు హైదరాబాదులో ఒకాయన ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్ అవ్వాలంటే ఏం కాగితాలు కావాలి? పాన్ కార్డు, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, చిన్న సంస్థ అని చెప్పుకోవడానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటితే జీఎస్టీ, మనుషులు పది మంది అయితే ఈఎస్‌ఐ, ఇరవై మంది అయితే పీఎఫ్. సర్కారు పని కావాలంటే కాంట్రాక్టర్‌గా నమోదు చేయించుకోవాలి. అక్కడ క్లాసులుంటాయి. ఎంత విలువైన పని చేయగలడన్నదాన్ని బట్టి క్లాసు. రోడ్డు వేసేవాడికీ, మోరీ కట్టేవాడికీ అవే క్లాసులు. ఈ కాగితాల దొంతర మొత్తం తిరగేసి చూడండి, "బాబూ, వేపకీ కానుగకీ తేడా తెలుసా?" అని అడిగేది ఒక్కటీ ఉండదు.

కాబట్టి లైసెన్స్ అడిగేవాళ్ళ బాధ నాకర్థమవుతుంది. కానీ వాళ్ళు ఉదాహరణగా చూపించే అమెరికాని కాస్త దగ్గరికెళ్ళి చూద్దాం.

కాలిఫోర్నియాలో ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టర్ లైసెన్స్ పేరు సీ-27. నాలుగేళ్ళ పని అనుభవం చూపించాలి. రెండు పరీక్షలు రాయాలి, ఒకటి చట్టం-వ్యాపారం మీద, ఒకటి పని మీద. 2023 జనవరి 1 నుంచి 25,000 డాలర్ల బాండ్ ఉండాలి. మనవాళ్ళు పరీక్ష గురించి చెప్తారు గానీ బాండ్ గురించి చెప్పరు. ఆ బాండ్ పని చెడగొడితే ఇంటివాళ్ళకి పరిహారం ఇవ్వడానికే కాదు, కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొడితే పనివాళ్ళు క్లెయిమ్ చేసుకోవడానికి కూడా. అంటే ఆ లైసెన్స్‌లో సగం మర్మం మాలీ కూలీ భద్రత. ఇంకోటి. చిన్న పనికి అక్కడ కూడా లైసెన్స్ అక్కర్లేదు. 2024 దాకా 500 డాలర్ల లోపు పనికి మినహాయింపు ఉండేది. 2025 జనవరి 1 నుంచి దాన్ని 1,000 డాలర్లకి పెంచారు. కాకపోతే మనిషిని పెట్టుకోకూడదు, పర్మిట్ కావాల్సిన పని కాకూడదు. వారం వారం వచ్చి గడ్డి కోసి వెళ్ళేవాడికి సీ-27 అక్కర్లేదు.

ఇక టెక్సస్. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అక్కడ ల్యాండ్‌స్కేపర్‌కి రాష్ట్ర లైసెన్స్ అంటూ లేదు. చెట్లు ఎవరైనా నాటొచ్చు. కానీ స్ప్రింక్లర్ సిస్టమ్ వేసేవాడికి మాత్రం కచ్చితంగా ఇరిగేటర్ లైసెన్స్ ఉండాలి. ఎందుకంటే తోట పైపు తాగునీటి పైపుకి కలుస్తుంది. తోటలో నీళ్ళు వెనక్కి తన్నితే ఊరి తాగునీళ్ళు పాడవుతాయి. ప్రమాదం ఎక్కడుందో అక్కడే లైసెన్స్ పెట్టారు. నాకు నచ్చింది ఈ తర్కం.

మన దగ్గర ఈ తర్కం ప్రకారం చూస్తే లైసెన్స్ మూడింటికి చాలు. పురుగుమందు కొట్టడం, పెద్ద చెట్లు కొట్టడం, శుద్ధి చేసిన మురుగునీటి పైపుని తోటలోకి లాగడం. మొదటిదానికి 1968 ఇన్సెక్టిసైడ్స్ చట్టం కింద వ్యాపారంగా పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్ళకి లైసెన్స్ ఇప్పటికే ఉంది. రెండోదానికి 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఉన్నవాటిని ఎవరూ అడగరు. పిల్లలు ఆడుకునే లాన్ మీద మాస్క్ కూడా లేకుండా మందు కొడుతున్న మాలీని చూసి "ఏం మందయ్యా అది?" అని అడిగినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఉన్న లైసెన్స్ చూడనివాళ్ళం కొత్తది తెచ్చి ఏం చేస్తాం? పరీక్ష పెడితే ఏమవుతుందో నేను చెప్తాను. నలుగురు మాలీల్ని పెట్టుకుని నిజాయితీగా పనిచేసే మేస్త్రీ ఆ పరీక్ష ఇంగ్లీషులో రాయలేడు. పెద్ద కంపెనీ ఒక సర్టిఫికెట్ గోడకి తగిలించి, పనికి మళ్ళీ అదే మేస్త్రీని ఇంకా తక్కువ రేటుకి పంపిస్తుంది.

సరే, రేటు దగ్గరికొద్దాం. ఇది లెక్కల భాగం. మనం లెక్కలొచ్చినవాళ్ళమని జీతాలు తీసుకుంటున్నాం కాబట్టి ఓపిగ్గా చదవండి.

ఒక మాలీకి నెలకి 15,000 జీతం అనుకుందాం. ఇది కనీస వేతనం అంకె కాదు, లెక్క తేలిగ్గా ఉండడానికి తీసుకున్నది. కనీస వేతనంలో కరువు భత్యం ఆరునెలలకోసారి మారుతుంది, ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవచ్చు. యజమాని కట్టాల్సిన పీఎఫ్ ఇతర ఖర్చులతో కలిపి 13 శాతం, 1,950. ఈఎస్‌ఐ 3.25 శాతం, 488. చట్టం చెప్పిన కనీస బోనస్ 8.33 శాతం, 1,250. మనకేమో మాలీ ఆదివారం కూడా కావాలి. అంటే నెలకి నాలుగు రోజులు బదులు మనిషిని పెట్టాలి, 26 రోజుల లెక్కన అది 2,308. పార, బొరిగె, కత్తెర, గ్లౌజులు, యూనిఫాం కలిపి ఒక 500 వేయండి. మొత్తం 21,500 దగ్గర తేలింది. కాంట్రాక్టర్ తన పర్యవేక్షణ, ఆఫీసు ఖర్చు, లాభం అన్నీ కలిపి 10 శాతం మాత్రమే వేసుకున్నాడనుకుంటే దాదాపు 23,650. దాని మీద 18 శాతం జీఎస్టీ. మన చేతికొచ్చే బిల్లు సుమారు 27,900 రూపాయలు.

మాలీ చేతికి ఎంతొచ్చింది? తన వాటా పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 113 పోను 13,087. మన బిల్లులో సగం కూడా కాదు. ఎక్కడా ఎవడూ దొంగతనం చెయ్యకుండానే! మనల్ని క్లయింట్‌కి బిల్ చేసే రేటుకీ, మన పేస్లిప్‌కీ మధ్య తేడా ఎంతో తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపించకూడదు.

ఇప్పుడు కొటేషన్ తెరవండి. వంద మంది మాలీలున్న కంపెనీ "ఒక్కో మనిషికి 18,000, జీఎస్టీతో కలిపి" అని ఇచ్చిందనుకోండి. 18,000 లోంచి జీఎస్టీ తీసేస్తే 15,254. అందులో 15,000 జీతం పోతే మిగిలింది 254 రూపాయలు. ఈ 254 లో పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, బదులు మనిషి, పార, సూపర్‌వైజర్, లాభం అన్నీ రావాలి. ఐదో క్లాసు పిల్లాడికిచ్చినా తేల్చేస్తాడు. వీటిల్లో ఏదో ఒకటి అబద్ధం. జీతం 15,000 కాకపోవాలి, లేదా పీఎఫ్ కట్టకపోవాలి, లేదా పదిమంది అని చెప్పి ఏడుగుర్నే పంపించాలి. మామూలుగా మూడూ కలిపే జరుగుతాయి. ఎంబీఏలు, ఎంటెక్‌లు ఉన్న కమిటీ ఈ కాగితం చూసి "గుడ్ నెగోషియేషన్" అని చప్పట్లు కొడుతుంది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు మాత్రం దుడ్డులా ఉండాలి!

"కంపెనీకి పీఎఫ్ కోడ్ ఉందండీ, మేం చూశాం" అంటారు. కోడ్ ఉండడం వేరు, కట్టడం వేరు. సర్వర్‌కి ఐపీ అడ్రస్ ఉన్నంత మాత్రాన సైట్ నడుస్తున్నట్టు కాదు. ప్రతి నెలా పేర్లతో, యూఏఎన్ నంబర్లతో ఈసీఆర్ అనే చలాన్ రిటర్న్ ఉంటుంది. అది అడగండి. మన తోటలో పనిచేస్తున్న వాళ్ళ పేర్లు అందులో ఉన్నాయా, ముప్ఫై రోజులు పనిచేసినవాడికి పదిహేను రోజుల లెక్కే చూపించారా, చూడండి. చూడడానికి పావుగంట చాలు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. చిన్న మేస్త్రీ పరిస్థితి వేరు. ఏడుగురు మాలీలున్న మేస్త్రీకి మన పైలెక్క ప్రకారం ఏడాది వ్యాపారం ఎక్కువలో ఎక్కువ 19 లక్షల 86 వేలు. అంటే 20 లక్షల లోపే, జీఎస్టీ అక్కర్లేదు. పదిమంది లోపు కాబట్టి ఈఎస్‌ఐ తప్పనిసరి కాదు. ఇరవై మంది లోపు కాబట్టి పీఎఫ్, బోనస్ తప్పనిసరి కాదు. ఆయన జీతం, బదులు మనిషి, పనిముట్లు, పదిశాతం లాభం వేసుకుని దాదాపు 19,600 కి చట్టబద్ధంగానే పని చెయ్యగలడు. తొమ్మిదో మనిషిని పెట్టుకున్న రోజు ఆయన రేటు ఒక్కసారిగా 18 శాతం పెరుగుతుంది. పదో మనిషి దగ్గర ఈఎస్‌ఐ, ఇరవయ్యో మనిషి దగ్గర పీఎఫ్. పని బాగా చేసి పెరుగుదామనుకున్నవాడికి మెట్టు మెట్టుకీ ఒక దెబ్బ. అయినా మన కమిటీలు చేసేదేంటంటే, చిన్న మేస్త్రీని "నీకు జీఎస్టీ లేదు, పీఎఫ్ కోడ్ లేదు" అని గేటు దగ్గరే ఆపేసి, కోడ్‌లన్నీ ఉండి ఏదీ సరిగ్గా కట్టని కంపెనీకి ఎర్రతివాచీ పరుస్తాయి. ఆ కంపెనీ మళ్ళీ అదే మేస్త్రీకి సబ్ కాంట్రాక్ట్ ఇస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే.

ఐటీ పార్కుల్లో ఇంకో అంతస్తు ఎక్కువ. కంపెనీ ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ సంస్థకిస్తుంది, వాళ్ళు తోటపని కాంట్రాక్టర్‌కిస్తారు, ఆయన మేస్త్రీకిస్తాడు. ప్రతి చేతిలోనూ కొంత అంటుకుంటుంది. వెండర్‌కి వెండర్, వాడికింకో వెండర్... మనకి తెలియని ఏర్పాటేం కాదు. చట్టం కూడా దీనికి దారి వదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 లో కాంట్రాక్టు కార్మికుల చట్టానికి చేసిన సవరణలో సంస్థ ప్రధాన పనుల్లోకి రానివాటి జాబితా ఇచ్చారు. అందులో తోటపని, లాన్ల నిర్వహణ పేరు పెట్టి మరీ ఉన్నాయి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ జాబితాలో తోటపని ఉంది. పైగా కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇప్పుడు 50 మంది, ఆపైన ఉంటేనే వర్తిస్తాయి. అంటే బ్రోషర్ మొదటి పేజీలో, కంపెనీ వెబ్‌సైట్ మొదటి ఫొటోలో ఉండే పచ్చదనం చట్టం దృష్టిలో ముఖ్యమైన పని కాదు. కానీ అదే రోజు అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లో ఇంకో మాట కూడా ఉంది. యజమాని జీతం ఇవ్వకపోతే, ఆ పని జరిగే సంస్థ కంపెనీ అయినా, అసోసియేషన్ అయినా, దాని సొంతదారు ఇవ్వాలి. "మాకు సంబంధం లేదండీ, అది కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అనే కమిటీ పెద్దలు ఆ వాక్యం ఒకసారి చదువుకుంటే మంచిది.

మనుషుల సంగతి అయింది. మొక్కల్లోకి వద్దాం.

హైదరాబాదు తోటలకి మొక్కలు ఎక్కువగా వచ్చేది తూర్పు గోదావరి కడియం నుంచి. కడియపులంక చుట్టూ ఉన్న నర్సరీల సంగతి మీకు తెలిసిందే. మొక్కకి జీఎస్టీ లేదు, సున్నా. కానీ అదే మొక్కని తెచ్చి, గుంత తీసి, ఎర్రమట్టీ ఎరువూ కలిపి నాటి, పక్కన లాన్ వేసి "గార్డెన్ డెవలప్‌మెంట్" అని ఒకే బిల్లు వేస్తే మొత్తం మీద 18 శాతం. మొక్క మీద పన్ను కట్టలేదు కాబట్టి దాని మీద తిరిగొచ్చే క్రెడిట్ లేదు. కూలీ మీదా క్రెడిట్ లేదు. ఇక్కడ పన్నుని సర్దుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మున్సిపల్ కార్పొరేషన్ పార్కులో ఉత్త కూలీ సేవలకి మాత్రం పన్ను మినహాయింపు ఉంది, ఎందుకంటే పార్కులు రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పురపాలక విధుల్లో ఉన్నాయి. మన లాన్ అందులో లేదు. కాబట్టి తెలివైన పనేంటంటే, మొక్కలు సొసైటీయే నేరుగా నర్సరీ బిల్లుతో కొనుక్కోవడం, కాంట్రాక్టర్ దగ్గర పనితనం మాత్రం కొనుక్కోవడం. చట్టబద్ధమైన ఆదా ఇది. కానీ దీనికి కమిటీలో ఒకరు కూర్చుని ఏ మొక్కలు కావాలో జాబితా రాయాలి. మాలీ పీఎఫ్‌లో కోత పెట్టడం దీనికన్నా సులువు కదా మరి!

తక్కువ రేటు ఎలాంటి మొక్కని తెస్తుందో చూడండి. డబ్బులు తక్కువ, గడువు తక్కువ, ఫొటోకి మాత్రం వెంటనే పచ్చగా కనబడాలి. ఈ మూడిటికీ సరిపోయే మొక్క కోనోకార్పస్. గబగబా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు, కత్తిరిస్తే గోడలా తయారవుతుంది. ఎక్కడో సముద్ర తీరాల మడ అడవుల పక్కన పుట్టిన చెట్టు మన ప్రహరీ గోడల వెంట సైన్యంలా నిలబడింది. దీని వేళ్ళు పైపుల్ని పాడుచేస్తున్నాయనీ, పుప్పొడి వల్ల ఎలర్జీలొస్తున్నాయనీ ఫిర్యాదులొచ్చి గుజరాత్ ప్రభుత్వం 2023 లో దీన్ని నాటడం నిషేధించింది. పక్కనే కానుగ, వేప, పొగడ ఉన్నాయి. అవి నిదానంగా పెరుగుతాయి. నిదానంగా పెరిగేదానికి మన కాంట్రాక్టులో చోటు లేదు, ఎందుకంటే కాంట్రాక్టే పదకొండు నెలలు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మన కాంట్రాక్టులో మొక్క మాను అయ్యేదాకా ఉండే కాంట్రాక్టరే లేడు.

ఇంక నీళ్ళు. ప్రతి ఒప్పందంలోనూ "చచ్చిన మొక్కల్ని కాంట్రాక్టర్ తన ఖర్చుతో మార్చాలి" అని ఒక వాక్యం ఉంటుంది. బాగుంది. మరి కుళాయి ఎవరి చేతిలో ఉంది? ఒక ఎకరం లాన్ అంటే 4,047 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్ళు పెట్టాలనుకున్నా 20,000 లీటర్లు పైమాట. అంటే రోజుకి రెండు పెద్ద ట్యాంకర్లు, అదీ గడ్డికే. బోరు ఎండితే కమిటీ మొదట ఆపేది తోట నీళ్ళనే. ఆపాలి కూడా, మనుషులకి ముందు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకి వాడితే 5,000 జరిమానా అని ప్రకటించింది. కానీ నీళ్ళు మనం ఆపేసి, ఎండిన గడ్డికి డబ్బు కాంట్రాక్టర్ బిల్లులో కోస్తే దాన్నేమంటారు? రిక్వైర్‌మెంట్ క్లయింట్ మార్చి, పెనాల్టీ మన మీద వేస్తే మనం ఏమంటామో అదే అనాలి. అసలు నీళ్ళ ట్యాంకర్ కొనుక్కునే ఊళ్ళో ఎకరాలకెకరాలు లాన్ ఎందుకని మొదటిరోజే చెప్పగలిగినవాడు పని తెలిసిన కాంట్రాక్టర్. చెప్పినవాడికి ఆ పని రాదు. "ఇంకోడు వేస్తానంటున్నాడు కదా" అంటారు.

చివరగా డబ్బు చెల్లింపు. మాలీలకి ఏడో తారీఖున జీతం ఇవ్వాలి. సొసైటీ బిల్లు రెండు నెలలకి పాసవుతుంది. పదిమంది మాలీలు, నెలకి 2 లక్షల 15 వేల ఖర్చు, రెండు నెలలు ఆగితే 4 లక్షల 30 వేలు. ఆయన దీన్ని రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 8,600 వడ్డీకే పోతుంది. నెలంతా తిరిగి ఆయన వేసుకున్న పదిశాతం 21,500. అందులో అయిదింట రెండు వంతులు మన ఆలస్యానికే ఖర్చయింది. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలనీ, లేకపోతే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలనీ 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టమే చెబుతోంది. ఏ కాంట్రాక్టర్ వెళ్ళి ఫిర్యాదు చేస్తాడు? చేసిన మర్నాడు గేటు దగ్గర ఆయన పేరు తీసేస్తారు. మన జీతం ఒక్క రోజు ఆలస్యమైతే హెచ్‌ఆర్‌కి ఎన్ని మెయిళ్ళు వెళ్తాయో గుర్తు చేసుకోండి.

విమర్శించడం తేలిక, ఏం చెయ్యాలో చెప్పమంటారు. చెప్తాను, అన్నీ మన చేతిలో ఉన్నవే.

1. కొటేషన్ ఒకే అంకెగా తీసుకోవద్దు. జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, బదులు మనిషి, పనిముట్లు, లాభం, పన్ను విడివిడిగా రాయించండి. కూలీ ఖర్చుకన్నా తక్కువకి వచ్చిన కొటేషన్‌ని పోటీలోంచి తీసెయ్యండి. పోటీ పనితనం మీదా, లాభం శాతం మీదా జరగాలి గానీ మాలీ పొట్ట మీద కాదు.

2. మాలీ జీతం బ్యాంకులో పడాలి. ప్రతి నెలా ఈసీఆర్ చూశాకే బిల్లు పాస్ చెయ్యండి. చిన్న మేస్త్రీ అయితే చట్టం ఆయన్ని ఏం అడగదో మనమూ అది అడగొద్దు. కనీస వేతనం, బ్యాంకు జమ చాలు.

3. కాగితాలు సరిగ్గా ఉంటే పదిహేనో తారీఖులోగా డబ్బు ఇచ్చెయ్యండి.

4. పదకొండు నెలలు కాదు, మూడేళ్ళ ఒప్పందం పెట్టుకోండి. రెండు వేసవులు దాటాక ఎన్ని మొక్కలు బతికాయో లెక్కపెట్టి, పట్టి ఉంచిన కొంత మొత్తం దాన్ని బట్టి ఇవ్వండి. నీళ్ళు ఇవ్వాల్సిన బాధ్యత సొసైటీదని అదే కాగితంలో రాయండి, ఇచ్చిన రోజూ ఇవ్వని రోజూ పుస్తకంలో ఎక్కించండి.

5. పని చూసే మనిషి ఒక్కడికైనా హార్టికల్చర్ చదువో, గార్డెనర్ శిక్షణ సర్టిఫికెటో, పదేళ్ళ అనుభవమో ఉండాలి. మందు కొట్టేవాడి లైసెన్స్ అడిగి చూడండి.

"ఇవన్నీ చేస్తే మెయింటెనెన్స్ పెరగదా?" అని మొదటి ప్రశ్న వస్తుంది. పెరుగుతుంది. ఎంతో లెక్కేద్దాం. మన 18,000 అబద్ధపు రేటుకీ, 27,900 నిజమైన రేటుకీ తేడా 9,900. పదిమంది మాలీలకి 99,000. ఐదువందల ఫ్లాట్ల కమ్యూనిటీ అయితే ఒక్కో ఇంటికి నెలకి 198 రూపాయలు. మాల్‌లో ఒక కాఫీ. ఈ 198 రూపాయలు మిగుల్చుకోవడానికి మనం పదిమందికి పీఎఫ్ లేకుండా చేసి, ఏటా ఎండిన మొక్కలు మార్చడానికి అంతకన్నా ఎక్కువ ఖర్చుపెట్టి, మధ్యలో నాలుగు వందల వాట్సాప్ మెసేజీల పోట్లాట పెట్టుకుంటున్నాం.

రెండో ప్రశ్న: "ఎక్కువిచ్చినా కాంట్రాక్టర్ మింగేస్తే?" అందుకే బ్యాంకు జమ, ఈసీఆర్ అన్నాను. మింగితే కనబడుతుంది. ఇప్పుడైతే మింగకుండా బతకడానికి వీల్లేని రేటు ఇచ్చి, మింగాడని తిడుతున్నాం.

మూడోది, అందరూ బ్రహ్మాస్త్రంలా వేసేది: "మార్కెట్ రేటే అంతండీ, మేమేం చేస్తాం?" అయ్యా, మార్కెట్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఈ ఊళ్ళో ప్రైవేటు తోటపని కొనేది ఎవరు? గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి, కోకాపేట, మియాపూర్‌ల అపార్ట్‌మెంట్ సంఘాలు, ఐటీ పార్కులు, బిల్డర్లు. ఆ సంఘాల్లో ఉన్నది మనం, ఆ పార్కుల్లో పనిచేసేది మనం, ఆ బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొన్నది మనం. కొనేవాళ్ళం మనమైనప్పుడు మార్కెట్ అంటే మనమే. అవతలి దేశం క్లయింట్ మన రేటు కోసినప్పుడు "క్వాలిటీ ఎలా వస్తుంది సార్ ఈ రేటుకి?" అని అడిగే నోరే ఇక్కడ మూడు కొటేషన్లలో చిన్న అంకెని ఎంచుతోంది.

ఈ జూన్‌లో మీ కమ్యూనిటీలో కొటేషన్లు తెరుస్తారు. అన్నిటికన్నా తక్కువ అంకె బల్లమీద కనబడగానే కాలిక్యులేటర్ తియ్యండి. 1.18 తో భాగించండి, జీతం తీసెయ్యండి, పీఎఫ్, ఈఎస్‌ఐ తీసెయ్యండి. మిగిలింది సున్నాకన్నా తక్కువైతే ఆ కాగితం పక్కన పెట్టెయ్యమని పైకే చెప్పండి, కమిటీ మీటింగులోనే, మినిట్స్‌లో రాయించి మరీ. అంతకన్నా పెద్ద లైసెన్స్ పరీక్ష ఈ ఊరికి ఇప్పట్లో అక్కర్లేదు.